రాతికింద పడ్డాడు, రాతలో లేడు

కార్తీక సోమవారం. యాగంటిలో బసవన్న మండపం మెట్ల దగ్గర చక్రాల కుర్చీ ఆపి, మా అన్నను ఎత్తడానికి నలుగురం వంగాం. నలుగురిలో నేనొక్కడినే అయినవాణ్ని. తక్కిన ముగ్గురూ ఎవరో, ఏ ఊరివాళ్లో. అడక్కుండానే వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. చంకల కింద ఇద్దరం, తొడల కింద ఇద్దరు. "నడుము కింద చెయ్యి పెట్టండన్నా, నడుము జారనీయద్దండి" అని వదిన వెనకనుంచి చెబుతూనే ఉంది. నాలుగేళ్లుగా అన్నను ఎత్తడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆమె చెప్పే మాట అదే. చెప్పాల్సిన రోజున మాత్రం ఆమె అక్కడ లేదు.

బసవన్న ఎప్పటిలాగే కాళ్లు ముడుచుకుని కూర్చునున్నాడు. ఒకప్పుడు విగ్రహానికీ స్తంభాలకూ మధ్య సందు ఉండేదని, ఆ సందులోనే ప్రదక్షిణ చేసేవాళ్లమని మా అవ్వ చెప్పేది. ఇప్పుడక్కడ మనిషి పట్టడు. ఇరవై ఏళ్లకు ఒక అంగుళం చొప్పున పెరుగుతున్నాడంటారు. కలియుగం చివర లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పిన మాట ఈ చుట్టుపక్కల తెలియని పిల్లవాడు ఉండడు. అన్న కాసేపు కళ్లార్పకుండా చూశాడు. "ఇద్దరం ఒకటే అబ్బీ. కూర్చున్న కాడే పెరగతాండాం" అని పొట్ట తట్టుకున్నాడు. మోసిన ముగ్గురూ నవ్వారు. వదిన నవ్వలేదు.

మా చిన్నాయన పెద్దకొడుకు అతను. బనగానపల్లె చుట్టూ ఉన్న నాపరాయి గనుల్లో పదిహేడేళ్ల వయసు నుంచీ పనిచేశాడు. చూడనివాళ్ల కోసం ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. పైనున్న మట్టి ఎత్తేస్తే కింద రాయి పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డపార మొనను రెండు పొరల మధ్య దించి, ఒత్తి, పైపొరను లేపాలి. ఎక్కడ ఒత్తితే పలక నిండుగా వస్తుందో, ఎక్కడ ఒత్తితే మూలకు పగులుతుందో చెప్పే పుస్తకం లేదు. అన్న సుత్తితో చిన్నగా తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. కంచులా మోగితే పనికొచ్చే రాయి. మూగగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. అతను తట్టి పక్కన పెట్టించిన బండ, తర్వాత లారీలో పగిలిందన్న మాట రాలేదని మేస్త్రీలు చెప్పుకునేవాళ్లు. పెళ్లిలో కూడా మా చిన్నాయన ఇంటి గచ్చు మీద మడమతో తట్టి, "ఇది నేను తీసింది కాదు" అన్నాడు.

2021 వానాకాలం. రాత్రంతా పడిన వాన పొద్దునకు ఆగింది. వాన పడిన మర్నాడు గనిలో దిగకూడదని అందరికీ తెలుసు. పొరల మధ్య నీళ్లు చేరి, పైన తొలచకుండా వదిలేసిన దరి దానంతటదే జారుతుంది. లారీ లోడుకు వచ్చి నిలబడి ఉంది కాబట్టి దిగారు. అన్న వంగి గడ్డపార దించుతున్నాడు. పైనుంచి వచ్చిన బండ పెద్దది కూడా కాదు, ఇంటి గడప ముందు వేసుకునేంత. తలకు తగల్లేదు, కాళ్లకు తగల్లేదు. వంగిన నడుము మీద పడి పక్కకు దొర్లింది.

నెత్తురు రాలేదు. అందుకే మొదట ఎవరూ కంగారు పడలేదట. అన్న వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ, "నా కాళ్లు తీసి యాడ పెట్టినార్రా?" అని అడిగాడు. అడిగింది వెటకారంగా కాదు. నిజంగానే కాళ్లు తన దగ్గర లేవని అనిపించింది అతనికి.

నలుగురు వచ్చారు. ఇద్దరు చంకలు పట్టారు, ఇద్దరు కాళ్లు పట్టారు. మధ్యలో నడుము గుడ్డ ఉయ్యాల్లా కిందికి వేలాడింది. అలా గట్టు ఎక్కించి, ట్రాక్టర్ ట్రాలీలో పడుకోబెట్టి, గతుకుల్లో బనగానపల్లె దాకా తెచ్చారు. వెన్ను దెబ్బ తిన్నవాణ్ని మెడ నుంచి తుంటి దాకా ఒక్క దుంగలా, వంపు రాకుండా, గట్టి చెక్క మీదికి దొర్లించి కదపాలని, 108 వచ్చేదాకా అసలు కదపకుండా ఉండటమే మేలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బండలు పగలకుండా లారీ ఎక్కించడానికి వాడే చెక్క ఆ గట్టు మీదే ఉంది. ఆ చెక్క మీద తెచ్చివుంటే కాళ్లు దక్కేవని ఏ డాక్టరూ అనలేదు, అనలేడు కూడా. కానీ మోసిన నలుగురిలో ఒకడు, అన్నకు ఈడుజోడు, ఆ తర్వాత గని పని మానేశాడు. మా ఇంటికి వస్తే అన్న మంచం ఉన్న గదిలోకి మాత్రం రాడు.

పెద్దాసుపత్రిలో ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించారు. ఛాతీ పూసల్లో చివరిది, పన్నెండోది, నలిగిపోయి వెనక్కి జరిగింది. దాని వెనకే చిటికెన వేలంత మందాన నరాల తాడు. ఎముక అతుకుతుంది. తాడు అతకదు. మెడ దగ్గర తెగితే కాళ్లతోపాటు చేతులూ పోతాయి. ఛాతీ కింద తెగితే నడుము నుంచి కిందిదంతా పోతుంది. "చేతులు మిగిలినాయి, అదృష్టవంతుడు" అని డాక్టరు అన్నాడని వదిన చెప్పింది. ఆమె ఆ మాటను తిట్టుగా తీసుకుందో ఓదార్పుగా తీసుకుందో నాకిప్పటికీ తెలీదు.

మన మాటల్లో దీనికి సరైన పేరు కూడా లేదు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి సగం ఒళ్లు పడిపోయినా పక్షవాతమే, వెన్ను విరిగి కాళ్లు చచ్చుబడినా పక్షవాతమే. పేరొకటే కావడంతో మందు కూడా ఒకటేననుకుంటారు. ఆకుపసరు పోసే ఊళ్ల పేర్లు, మంత్రం వేసే ఊళ్ల పేర్లు ఆ ఏడాది మా ఇంటికి వచ్చినన్ని ఎప్పుడూ రాలేదు. రెండు చోట్లకు తీసుకుపోయారు కూడా. రెండోచోటు నుంచి వచ్చేసరికి వీపు కింద, తుంటి మీద పుండు లేచింది. స్పర్శ లేని చోట పుండు పడితే మనిషికి తెలీదు. వాసన వచ్చాక ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

వెన్నుకు దెబ్బ తగిలి బతుకుతున్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద కోటిన్నరకు పైనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఎక్కువమందికి కారణాలు రెండే: రోడ్డు, పడిపోవడం. మా వైపు ఆ రెండు మాటల కింద చాలా సంగతులుంటాయి. చింతచెట్టు కొమ్మ, పిట్టగోడ లేని మిద్దె, ఎండాకాలం నీళ్లెంతున్నాయో చూడకుండా తలకిందులుగా దూకిన ఈతబావి. రోడ్డు సంగతి ఆళ్లగడ్డ వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఎన్నికల ప్రచారం ముగించుకుని నంద్యాల నుంచి ఇంటికి పోతున్న ఆళ్లగడ్డ అసెంబ్లీ అభ్యర్థి భూమా శోభా నాగిరెడ్డి కారు, ఊరు ఇంకొంచెం దూరంలో ఉందనగా, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యపు కుప్పల దగ్గర బోల్తా పడింది. మర్నాడు హైదరాబాదులో ఆమె కన్నుమూసింది. పోలింగ్ నాటికి లేని మనిషిని ఆళ్లగడ్డ గెలిపించుకుంది. ఆ కుప్పలు ఇప్పటికీ కోతలైన నెలలో తారు మీదికి వస్తూనే ఉన్నాయి, రాత్రిపూట చుట్టూ రాళ్లు పేర్చి మరీ.

వెన్ను ఎవరిదైనా ఒకటే. కానీ అది ఎక్కడ విరిగిందన్నదాన్ని బట్టి ఏ తలుపు తట్టాలో మారిపోతుంది. రోడ్డు మీద విరిగితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. పనిలో విరిగితే, అన్న పడ్డ నాటికి, కార్మిక శాఖలో పరిహారం కమిషనర్. ఆపరేషన్ బల్ల మీద విరిగితే వినియోగదారుల కమిషన్. సొంత మిద్దె మీంచి పడి విరిగితే తట్టడానికి తలుపే లేదు.

ఆపరేషన్ బల్ల మీద విరిగిన కథ ఒకటి మన తెలుగు నేల మీదే జరిగింది. అన్న మంచాన పడ్డాక నేను పనిగట్టుకుని చదివిన తీర్పు అది. 1990. ప్రశాంత్ ధనంక ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి. జ్వరం తగ్గక పరీక్షలు చేయిస్తే ఛాతీలో ఎడమ పక్కన గడ్డ కనబడింది. ఆ గడ్డ పక్కటెముకలనూ వెన్నుపూసనూ తినేస్తున్న సంగతి ఆపరేషన్‌కు ముందే తెలుసు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో అక్టోబరు 23న కత్తి పెట్టారు. ఇంటివాళ్లు ఒప్పుకున్నది గడ్డ ఏమిటో తెలుసుకోవడానికి ముక్క తీసే పరీక్షకు. లోపలికి వెళ్లాక గడ్డనే తీసేశారు. వెన్ను దాకా పాకిన గడ్డ అయినా, పక్కన నరాల సర్జన్ లేడు. కుర్రాడు కళ్లు తెరిచేసరికి నడుము కింద ఏమీ లేదు.

1993లో జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. 1999లో తీర్పు: తల్లిదండ్రులకిచ్చిన భాగంతో కలిపి 15.5 లక్షలు. చాలదని ఇతనూ, ఇవ్వనక్కర్లేదని ఆసుపత్రీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్కడ ఇంకో పదేళ్లు. చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నాడు. అప్పటికి అతను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2009 మే 14న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కోటి రూపాయలు, దానిమీద 1999 మార్చి నుంచి 6 శాతం వడ్డీ ఇవ్వమంది. ముక్క తీయడానికిచ్చిన ఒప్పుకోలు గడ్డ మొత్తం తీయడానికి చెల్లదని, నరాల సర్జన్‌ను ముందే పిలవకపోవడం నిర్లక్ష్యమని తేల్చింది. నర్సు, డ్రైవరు, ఫిజియోథెరపీ అన్నీ లెక్కగట్టింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి అప్పటికి దాదాపు ముప్పై తొమ్మిది.

ఆ తీర్పులో ఒకచోట నేను ఆగిపోయాను. మనిషి చనిపోయిన ఇంట్లో దుఃఖం ఏదో ఒకరోజుకు సర్దుకుంటుందని, మంచాన పడిన ఇంట్లో అది ప్రతి తెల్లవారీ కొత్తగా మొదలవుతుందని, చూసుకునేవాళ్ల ఒంట్లో సత్తువనూ మనసులో నెమ్మదినీ అది తినేస్తుందని న్యాయమూర్తులు రాశారు. కోర్టు కాగితాల్లో అలాంటి మాట ఉంటుందనుకోలేదు. అంతకు మించి నా కంట్లో పడింది ఇంకొకటి. ఆ కుర్రాణ్ని పంతొమ్మిదేళ్లు నిలబెట్టింది ఒక కాగితం. దేనికి ఒప్పుకున్నారో, దేనికి ఒప్పుకోలేదో అందులో ఉంది.

అన్నకూ కాగితాలున్నాయి. రెండు.

మొదటిది ఆసుపత్రి చీటీ. తీసుకొచ్చిన మేస్త్రీనే, ఎట్లా జరిగిందని అడిగినవాళ్లకు "మిద్దె మీంచి పడినాడు సార్" అన్నాడు. గని అంటే పోలీసులొస్తారు, గనుల శాఖ వాళ్లొస్తారు, పని ఆగిపోతుంది, నలభై ఇళ్ల పొయ్యి ఆగిపోతుంది. మేస్త్రీ చెడ్డవాడని నేననుకోను. అతనికి గుర్తొచ్చింది ఆ నలభై పొయ్యిలు. డాక్టరు విన్నది విన్నట్టు రాసుకున్నాడు. దాదాపు ఇరవై ఏళ్లు నేల అడుగున పనిచేసినవాడు కాగితం మీద మాత్రం పైనుంచి పడ్డాడు, అదీ మా చిన్నాయన మిద్దె మీంచి. ఆ మిద్దెకు నిచ్చెన కూడా లేదు.

రెండోది స్టాంపు పేపరు. మూడు నెలల తర్వాత ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీ చేసి మూడు లక్షలకు తెగ్గొట్టారు. గని పేరూ అన్న పేరూ కలిసి ఒకే కాగితం మీద కనిపించడం అదే మొదలు. హాజరు పట్టీలో ఎప్పుడూ ఎక్కని పేరు అక్కడ ఎక్కింది. దాని కింద రాసింది ఒకటే సంగతి: నాకు రావాల్సినదంతా ముట్టింది, ఇకమీదట ఎవరినీ ఏమీ అడగను. అన్న మంచం మీదే, చద్దిగిన్నె మీద పెట్టే మూతను బల్లగా పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాడు. ఏడో తరగతి దాకా చదివాడు. చేతిరాత బాగుంటుంది.

అన్న పడ్డ నాటికి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఎంతో చెబుతాను, ఒక్కసారే. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. పనిలో పూర్తిగా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినవాడికి నెల కూలిలో 60 శాతాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణించాలి. 2020 జనవరి నుంచి నెల కూలి పరిమితి 15,000. అన్నకు రోజుకు 600, అంటే పరిమితి నిండినట్టే. అందులో 60 శాతం 9,000. ముప్పై ఐదేళ్లవాడికి అంకె 197.06. గుణిస్తే 17,73,540 రూపాయలు. ఆలస్యం చేస్తే ఏడాదికి 12 శాతం వడ్డీ. కూలీని కంట్రాక్టరు తెచ్చినా అసలు యజమానే బాధ్యుడు. నా హక్కు వదులుకుంటున్నానని కూలీ సంతకం పెట్టినా ఆ సంతకం చెల్లదని అదే చట్టంలో 17వ సెక్షన్.

ఇదంతా నాకు తెలిసేసరికి పరిహారం అడగడానికి ఉన్న రెండేళ్ల గడువు దాటి నెలన్నర. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషనర్ మన్నించవచ్చు, ఆ తలుపు కొంచెం తెరిచే ఉంది. అన్నకు చెప్పాను. చాలాసేపు గోడవైపు చూసి, "సంతకం పెట్టినా గదబ్బీ" అన్నాడు. చెల్లదు అన్నా. "చట్టానికి చెల్లదేమో. పెట్టింది నేనే గదా. మా తమ్ముడు ఇంకా ఆ గనిలోనే దిగతాండాడు."

ఆ చివరి వాక్యంతో నా దగ్గరున్న సెక్షన్లన్నీ అయిపోయాయి. మిద్దె చీటీని ఎవరు అబద్ధమని చెప్పాలి? మోసిన నలుగురూ. వాళ్లలో ముగ్గురు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు.

మూడు లక్షలు ఏడాదిన్నరకు అయిపోయాయి. నడుముకు వేసిన కడ్డీలు, గాలి పరుపు, మూత్రం ట్యూబు, ట్యూబు వల్ల వచ్చే జ్వరం, జ్వరానికి ఇంజక్షన్లు. సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్ ఇచ్చారు. ప్రభుత్వం 2024 జులై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో అంటుకుపోయినవాళ్లకు నెలకు 15,000 పింఛను చేసింది. ఇల్లు నిలబడింది దానితోనే, అది చెప్పకపోతే కళ్లు పోతాయి. అన్న ఆరోగ్యంగా ఉన్నప్పటి నెల సంపాదన కూడా అంతే. మొదటి నెల డబ్బు చేతికొచ్చినప్పుడు, "గడ్డపార ముట్టకుండానే జీతమొచ్చె" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఎవరూ లెక్కగట్టనిది వదిన పని. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక హర్యానా అమ్మాయి కేసులో అలాంటి పనికి లెక్క కట్టింది. పన్నెండేళ్ల వయసులో ట్రాక్టర్ మీద వెళుతుండగా లారీ గుద్ది, ఇక జీవితాంతం పసిపిల్లగానే ఉండిపోవాల్సిన అమ్మాయి. పగలొకరు, రాత్రొకరు, ఇద్దరు మనుషులు కావాలంది కోర్టు. ఒక్కొక్కరికి నెలకు 5,000, పద్దెనిమిదేళ్ల గుణకంతో 21,60,000. మొత్తం పరిహారం 62 లక్షలు దాటింది. అది చదివి వదినకు చెప్పాను. ఆమె ఎసరు దించుతోంది. "పగలొకరు రాత్రొకరా?" అని మాత్రం అడిగింది.

మా అన్నకు పగలూ రాత్రీ ఒక్కరే. మంచం మీదుంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలి, కుర్చీలో ఉంటే అరగంటకోసారి ఒంటి బరువు లేపాలి, లేకపోతే మళ్లీ పుండు. ఆమె ఫోనులో అలారాలున్నాయి. పన్నెండు, రెండు, నాలుగు. నాలుగేళ్లలో ఆమె వరసగా మూడు గంటలు పడుకున్న రాత్రి లేదు. అర్ధరాత్రి అలారం మోగకముందే లేస్తుందట, మోగితే పిల్లలు లేస్తారని.

మండపంలోంచి దించి అన్నను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాం. మోసినవాళ్లు దండం పెట్టి జనంలో కలిసిపోయారు. కాకులు వాలని చోటంటారు కదా, ఆ మధ్యాహ్నం నిజంగానే ఒక్క కాకి అరుపు లేదు. కొండ అంచుల్లో గాలి, కోనేట్లోకి నంది నోట్లోంచి పడే నీళ్ల చప్పుడు. అవతల కొండ గుహలకు పోయే మెట్లు నిటారుగా ఉన్నాయి. అటు వద్దన్నాడు. బయటికి వచ్చే దారిలో ఒక చిన్న గుడి అరుగు పక్కగా కుర్చీ తోస్తున్నాను. అరుగంతా నాపబండలు, బండకొక దాత పేరు. ఫలానావారి జ్ఞాపకార్థం, ఇన్ని వేల రూపాయలు, ఫలానా ఊరు. శిల్పులున్న ఆళ్లగడ్డ ఉలి కాదనుకుంటా, అక్షరాలు అంత లోతుగా లేవు. కుర్చీ చక్రం ఒక బండ అంచు ఎక్కి దిగింది.

"ఆపు" అన్నాడు అన్న.

ఆపాను. కుర్చీ చేతిమీద నుంచి పక్కకు వంగి, చేతి కందినంత దూరంలో ఉన్న బండ మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. తల పక్కకు వంచి విన్నాడు. ఇంకోచోట తట్టాడు.

"ఇది మంచి రాయబ్బీ" అన్నాడు.

వదిన కొంగులో ఫోను మోగింది. ఆమె వచ్చి, నా చేతిని పక్కకు తోసి, అన్న చంకల కింద రెండు చేతులూ పెట్టి పైకి లేపి, పది లెక్కపెట్టి, దించింది.